మన దస్తర్‌ఖాన్ మీద మాంసం: ఎంత? ఎప్పుడు? ఎవరికి?

(అఫ్జల్‌గంజ్‌లో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీదనుంచి పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి పెద్దలు ఎన్నో విలువైన మాటలు చెప్పినారు. మాకు అప్పగించిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపించవచ్చు. రోజూ మాంసం తినటం మంచిదా, మానుకోవటం మంచిదా అన్నదే ఆ విషయం. అయితే పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో దాని మీదనే ఇంటి ఆరోగ్యమూ, ఇంటి జమాఖర్చూ, మన ఆడపిల్లల ఒంట్లోని రక్తమూ ఆధారపడి ఉన్నవి. కనుక ఇది చిన్న విషయం కాదని మనవి చేస్తున్నాము.

మనం తరచూ రెండు మాటలు వింటూ ఉంటాము. "గోష్ లేకపోతే అది భోజనమేనా?" అని మనవాళ్ళలో కొందరంటారు. "మాంసం తింటే రోగాలే, మానేస్తేనే ఆరోగ్యం" అని బయట కొందరంటారు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే ఉన్నది. మిగతా సగం అలవాటు, కొంత పంతం. ఈ పంతాన్ని పక్కనబెట్టి నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా దీన్ సంగతి. మాంసం మనకు హలాల్. దాన్ని హరామ్ అనే హక్కు ఎవరికీ లేదు. కాని హలాల్ అయినది ప్రతిదీ ఫర్జ్ కాదు గదా! రోజూ తినవలసిందేనని ఎక్కడా లేదు. తినండి, తాగండి, హద్దు మీరకండి అన్నదే ఖుర్ఆన్ బోధ. ప్రవక్త (స) వారి ఇంట్లో వరుసగా నెలల తరబడి పొయ్యి వెలగని రోజులుండేవనీ, ఖర్జూరము, నీళ్ళతో గడిచేవనీ హజరత్ ఆయిషా (రజి) గారి ద్వారా మనకు తెలుస్తున్నది. హజరత్ ఉమర్ (రజి) గారయితే మాంసం కూడా ఒక వ్యసనంగా మారగలదని హెచ్చరించినట్లు ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉన్నది. శోర్వా వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి కూడా పంపమన్న హదీసు మీకందరికీ తెలిసినదే. ఈ శోర్వా మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాము.

మనం కూర్చున్న ఈ పేట పేరే చూడండి. అయిదవ నిజాం నవాబ్ అఫ్జలుద్దౌలా (పాలన 1857-1869) పేరిట ఇది అఫ్జల్‌గంజ్ అయినది. గంజ్ అంటే ధాన్యపు అంగడి. అంటే మన పేట పేరులో ఉన్నది కసాయి దుకాణం కాదు, గింజ. మన పళ్ళెంలో కూడా అడుగున ఉండవలసింది గింజే. పైన ఏమి ఉండాలన్నదే నేటి ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన సంస్థ మన ఊళ్ళోనే ఉండటం మన అదృష్టం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు తరలి వచ్చినది. 1969లో ఇప్పటి పేరు పెట్టినారు.

ఆ మెకారిసన్ గారు 1920 దశకంలో ఒక పని చేసినారు. మన దేశంలో ఒక్కొక్క ప్రాంతంవారు తినే ఆహారాన్ని ఒక్కొక్క ఎలుకల గుంపుకు పెట్టి పెంచినారు. పంజాబు సిక్కుల ఆహారం తిన్న ఎలుకలు అన్నిటికంటె దిట్టంగా పెరిగినవి. దక్షిణాదివారి బియ్యపు తిండి తిన్నవి బాగా వెనుకబడినవి. సిక్కుల ఆహారంలో ఏమున్నది? పొట్టు తీయని గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు గింజలు, పచ్చి కూరగాయలు. మరి మాంసం? ఉన్నది, వారానికి ఒక్కసారి! బలానికి రోజూ మాంసమే కావాలనేవారు ఈ సంగతి ఆలోచించాలి. అసలే వద్దనేవారు కూడా ఆలోచించాలి.

అదే సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ గారు, వారి సహచరులు 1973లో ప్రచురించిన మరో పరిశోధన ఉన్నది. ఎదగని పేద పిల్లలకు రోజూ గోధుమపిండి, చక్కెర, నూనె కలిపి చేసిన పదార్థం పెట్టినారు. అందులో సుమారు 300 కెలోరీలుంటే ప్రోటీను మూడు గ్రాములే. పద్నాలుగు నెలలకు ఆ పిల్లలు ఎత్తులోనూ, బరువులోనూ బాగుపడినారు. అంటే ఆ పిల్లలకు అన్నిటికంటె ముందు కావలసింది కడుపునిండా తిండి. కడుపు నిండని పిల్లవాడికి ఒక ముక్క పెట్టి బలం వచ్చిందనుకుంటే పొరపాటు. కడుపు నిండిన తర్వాతనే ఏది మేలు, ఏది కాదు అన్న విచారణ.

ఇక లెక్క చూద్దాం. 2020లో భారత వైద్య పరిశోధనా మండలి చెప్పిన ప్రకారం పెద్దవారికి ఒంటి బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రోటీను చాలు. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములన్నమాట. 2024లో ఆ సంస్థలే ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని చెప్పినారు. ఆ 85 గ్రాములూ పప్పే అనుకుందాం. ధాన్యం నుంచి ఇరవై, పప్పు నుంచి పద్దెనిమిది, పాల నుంచి పది గ్రాములు, గింజల నుంచి మరికొంత. యాభై దాటిపోయింది. ఒక్క ముక్క మాంసం లేకుండానే! బియ్యంలో తక్కువైన ప్రోటీను భాగం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. మన నానీలు పొద్దున్నే ఖిచిడీ ఎందుకు వండినారో ఇప్పుడు తెలిసింది గదా!

మరి మాంసం ఎందుకు? ఎందుకంటే అందులో ప్రోటీను ఒక్కటే లేదు. మాంసంలోని ఇనుము ఆకుకూరల ఇనుము కంటె తేలికగా ఒంటికి పడుతుంది. అంతేకాదు, పక్కనున్న పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును కూడా ఒంటికి పట్టేటట్లు చేస్తుంది. బి-12 విటమిను మొక్కల ఆహారంలో దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే దొరుకుతుంది. పాలు, గుడ్లు కూడా ముట్టనివారు డాక్టరును అడిగి మాత్రలు వాడవలసిందే. కనుక మాంసం తినేవారిని తక్కువగా చూడటం తప్పు. అది మంచి ఆహారమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. తల్లులు, సోదరీమణులు దయచేసి శ్రద్ధగా వినాలి. మగవారు ఇంకా శ్రద్ధగా వినాలి.

2014లో జరిగిన ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా మాంసాహారులు. దేశంలో ఇదే మొదటి స్థానం. మాంసం వల్ల రక్తం పడుతుందన్నదీ నిజమే. అట్లయితే మన రాష్ట్రంలో రక్తహీనత ఉండకూడదు గదా? కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమంటున్నది? తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ! దేశం మొత్తానికి లెక్క తీసినా ఇంచుమించు ఇంతే.

ఇదెట్లా? రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నవి, తిండి ఒక్కటే కాదు. కాన్పులు, కడుపులో పురుగులు, ఆకుకూరలు తినకపోవటం, అన్నీ ఉన్నవి. కాని మన వంటిండ్లలోని ఒక సంగతి దాచిపెట్టి లాభం లేదు. "మా ఇంట్లో మాంసం తింటారు" అనే మాట ఒకటి. "మా ఇంట్లో ఎవరికి ఎన్ని ముక్కలు దొరుకుతాయి" అనేది వేరే. మగవారు, మేహ్‌మాన్లు, మగపిల్లలు ముందు తింటారు. అమ్మీ, కోడలు, పెళ్ళికెదిగిన ఆడపిల్ల చివర కూర్చుంటారు. అప్పటికి డేగ్చీలో మిగిలేది శోర్వా, ఆలుగడ్డలు. ముక్కలు అవసరం ఎక్కువ ఉన్నది ఎవరికి? నెల నెలా రక్తం పోయేవారికి, కడుపుతో ఉన్నవారికి, పాలిచ్చేవారికి. పళ్ళెంలో ముక్కలు పడేది మాత్రం ఇంకొకరికి. మాంసమా, శాకమా అని మనం వాదించుకునేటప్పుడు ఈ అన్యాయం ఎవరి కంటా పడదు. రెండు రకాల ఇండ్లలోనూ ఇది జరుగుతున్నది.

రెండోవైపు, ఎక్కువ తినేవారి సంగతి. పొద్దున ఖీమా, మధ్యాహ్నం సాలన్, రాత్రి దావత్‌లో బిర్యానీ. కూర్చొని చేసే వ్యాపారం, నడక లేదు. ఇటువంటివారికి షుగరు, రక్తపోటు, గుండెజబ్బు వస్తే మాంసాన్ని ఒక్కదాన్నే తిట్టి ప్రయోజనం లేదు. నెయ్యి, డాల్డా, మీఠా, గుట్టగా పెట్టుకునే అన్నం, అన్నిటికీ అందులో వాటా ఉన్నది. అయినా మాంసానికీ హద్దున్నది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, ఉప్పు, మందులు వేసి నిలవచేసిన మాంసం పేగు క్యాన్సరుకు కారణమవుతుందనీ, మేక, గొర్రె, గొడ్డు మాంసం కారణం కావచ్చుననీ ప్రకటించింది. వండిన ఎర్రమాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకుంటే మంచిదని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2018లో సూచించింది. అంటే వారానికి మూడు పూటలు. ఒక్క వలీమాలోనే ఆ మూడు పూటల మాంసం లాగించేవారిని మనమెరుగుదుము!

మధ్యమార్గం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అది మన హైదరాబాదీ వంటల్లోనే ఉన్నది. దాల్చా చూడండి. పప్పు, సొరకాయ ఎక్కువ, గోష్ కొంచెం. అంబాడా గోష్, అంటే గోంగూర మాంసం. చిగుర్ గోష్, అంటే చింతచిగురుతో. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీమ్‌లో గోధుమలు, పప్పులు, మాంసం కలిసి ఉడుకుతాయి. ఇవన్నీ కొద్ది మాంసాన్ని పదిమందికి సర్దిన వంటలే. పావుకిలో మాంసం వేపుడు చేస్తే ఇద్దరికి చాలదు. దాల్చా చేస్తే ఇంటిల్లిపాదికీ చాలుతుంది, ఆ కొద్ది మాంసమే పప్పులోని ఇనుమును కూడా ఒంటికి పట్టిస్తుంది. శోర్వాలో నీళ్ళు పెంచమన్న మాటలో పొరుగువారి హక్కుతోపాటు ఇంటి పొదుపు కూడా ఉన్నదని మాకు అనిపిస్తుంది.

పొరుగువారంటే ఇంకొక మాట. మన పక్కనే బేగంబజారులో మార్వాడీ, జైన వ్యాపారులు తరతరాలుగా మాంసం ముట్టనివారున్నారు. వారితో మనకు రోజూ వ్యాపారం, దోస్తీ. వారిని చూసి "గడ్డి తినేవాళ్ళు" అని హాస్యమాడటం మన మర్యాద కాదు. మన వంటింటివైపు చూసి ముక్కు మూసుకోవటం వారి మర్యాదా కాదు. ఎవరి పళ్ళెం వారిది. మన దావత్‌కు అటువంటి మిత్రుడు వస్తే వేరే గిన్నెలో, వేరే గరిటెతో బగారా బైంగన్, ఖట్టీ దాల్ పెట్టగలిగితే అదే మన మేహ్‌మాన్‌దారీ.

ఇక సంఘ సభ్యుల ముందు కొన్ని సూచనలుంచుతున్నాము. ఇవి హుకుములు కావు, మనవులు.

ఒకటి. ఏ ఇంట్లోనైనా ఆడపిల్లకు, కడుపుతో ఉన్న కోడలికి ముక్కలు ముందే తీసి పెట్టండి. లేదా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోండి.

రెండు. వారంలో మూడు నాలుగు రోజులు మాంసం లేకుండా పప్పు, ఆకుకూర, గుడ్డు వండుకోండి. దీన్ని పేదరికమని సిగ్గుపడవద్దు.

మూడు. భోజనం కాగానే ఇరానీ చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటసేపు ఆగండి. పప్పు మీద ఒక నిమ్మచెక్క పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది.

నాలుగు. దావత్‌లలో మాంసం వంటకాలను రెండింటికి పరిమితం చేద్దాం. అప్పుచేసి పెట్టిన అయిదో రకం వంటకం చెత్తకుండీలోకి పోతున్నది, అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటున్నది.

అయిదు. బక్రీద్ మాంసం ఫ్రిజ్‌లో నెలలు నిలవుంచటం కంటె, ఏడాది పొడుగునా మాంసం కొనలేని ఇండ్లకు ముందు చేరేటట్లు సంఘం తరఫున పేటవారీ జాబితా తయారుచేద్దాం. అందులో వితంతువుల ఇండ్లు మొదట ఉండాలి.

ఆరు. మూసీ ఒడ్డున 1925లో కట్టడం పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రి మన పేటలోనే ఉన్నది. ఏడాదికొకసారి ఆడపిల్లలందరికీ రక్తపరీక్ష చేయించే బాధ్యత మహిళా విభాగం తీసుకోవాలని కోరుతున్నాము.

సోదరులారా! మాంసం తినేవారు గొప్పా, మానినవారు గొప్పా అని అల్లాహ్ మనల్ని అడుగుతాడని మేము అనుకోము. నీ ఇంట్లో చివర కూర్చున్నవారికి ఏమి మిగిల్చినావు, పక్కింటివారికి ఏమి పంపినావు అని అడిగితే చెప్పడానికి మన దగ్గర జవాబుండాలి. ఆ జవాబు మన వంటింట్లో తయారు కావాలి. అందుకు అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.