జత్రుకకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట



రాజపాళయం నూలు మిల్లుల ఊరు. సమీపంలోని సత్తిరపట్టిలో నేసే కట్టుబట్ట దూరప్రాంతాల ఆసుపత్రులకు వెళుతుంది. గాయానికి గుడ్డ నేసే ఈ సీమలో, గాయం మానిన పిమ్మట పాటించవలసిన జాగ్రత్తలు కూడా అందరికీ తెలిసియుండాలి.

కాలర్ ఎముక, అనగా జత్రుక, చేతిని మొండెంతో కలిపే ఏకైక ఎముక వంతెన. ద్విచక్రవాహనం మీదినుండి భుజం ఆనేట్లు పడినప్పుడు అది తరచుగా నడిమి భాగంలో విరుగుతుంది. ముక్కలు బాగా తొలగినచో వైద్యులు ప్లేటు, స్క్రూలతో వాటిని బిగిస్తారు.

ఆ తరువాత కొన్ని మార్పులు సహజం. కోత దిగువన ఛాతీ చర్మం మొద్దుబారవచ్చు. ఎముక మీదుగా పోయే సన్నని నరాలు దెబ్బతినుటయే అందుకు కారణం. అది క్రమంగా తగ్గినా, కొందరిలో కొంత మిగిలిపోతుంది. చర్మం కింద ప్లేటు చేతికి తగులుతుంది. సంచి పట్టీ ఒరిస్తే నొప్పి పుడుతుంది. వాడుక లేక కండ చిక్కి, భుజం వాలినట్లు కనబడవచ్చు.

కొందరు భయంతో చేతిని నెలల తరబడి కట్టులోనే ఉంచుతారు, భుజం బిగుసుకుపోతుంది. మరికొందరు కూలి పోతుందని నొప్పి తగ్గగానే బరువులెత్తుతారు. నొప్పి తగ్గుట వేరు, ఎముక అతుకుట వేరు. అతకకముందే భారం పడితే స్క్రూలు వదులవుతాయి, ప్లేటు సైతం విరగవచ్చు. బరువు పనికి సాధారణంగా సుమారు 3 నెలలు ఆగాలి. ఎక్స్‌రే చూచి వైద్యులే అనుమతించాలి. వారు చెప్పిన వ్యాయామాలు మానరాదు. పొగతాగుట ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది.

జ్వరం, కుట్లవద్ద చీము, చేయి వాచి నీలిరంగు దాల్చుట, హఠాత్తుగా ఎముక కదిలినట్లు తోచుట కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం వస్తే 108కి ఫోను చేయాలి.

2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ప్రారంభించిన ‘ఇన్నుయిర్ కాప్పోమ్’ పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపికైన ఆసుపత్రులలో మొదటి 48 గంటల చికిత్స నిర్ణీత పరిమితి వరకు ఉచితం. ఇతర రాష్ట్రాలవారికీ అది వర్తిస్తుంది. ఇక్కడి కార్డు లేదని జంకనక్కరలేదు.

భాష రాదని బాధను దాచుకొనవద్దు. మొద్దుబారినచో ‘మరత్తుప్పోచ్చు’ అనండి. వాపు ‘వీక్కం’, చీము ‘సీళ్’. ఈ మూడు మాటలు సకాలంలో చెప్పగలిగితే ఒక భుజం, దానిమీద ఆధారపడిన ఒక కుటుంబం నిలబడతాయి.