రేకు మీద చార్మినార్, వెనక ఎవరు?

  ఇంజనీరుని కదా, ఇంటి కప్పు దగ్గరే మొదలెడతాను.

మన పల్లెల్లో పశువుల శాలకి వేసే సిమెంటు రేకుల్లో 'చార్మినార్' రేకు అందరికీ తెలుసు. పేరు చూసి హైదరాబాదు వాళ్ళదే అనుకుంటాం. కంపెనీ 1946లో పుట్టింది అక్కడే. నడిపేది మాత్రం సి.కె. బిర్లా గ్రూపు. 2025లో కంపెనీ పేరులోకే బిర్లా వచ్చి చేరింది. అదే పేరుతో సిగరెట్టూ ఉండేది (మన తాతలు చుట్టలే కాల్చారనుకోండి). దాన్ని చేసిన వజీర్ సుల్తాన్ కంపెనీలో సుమారు మూడో వంతు వాటా బ్రిటిష్ అమెరికన్ టుబాకోది. ఈ రెంటివల్లా చార్మినార్ పక్కన గాజులమ్ముకునే వాడికి దమ్మిడీ రాదు.

ఇది మన దేశపు వింత కాదు. మేష్టార్లు క్షమించాలి, వైను సంగతి చెబుతున్నాను. ఆస్ట్రేలియాలో ఓ వాగు పేరు పెట్టుకున్న జేకబ్స్ క్రీక్ ఏళ్ళ తరబడి పెర్నో రికార్డ్ అనే ఫ్రెంచి కంపెనీది. 2025లో అదీ చేతులు మారింది. సీసా మీద వాగు మాత్రం అలాగే పారుతోంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో మొదలెట్టిన అమృతాంజనాన్ని నేటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. అలాంటివి తక్కువ. ట్రేడ్‌మార్కు కూడా పొలంలాంటి ఆస్తే. అమ్ముకోవచ్చు, తప్పు లేదు.

మన బొబ్బిలి వీణ సంగతి వేరు. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ హక్కుని అమ్మడానికీ, తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. ఎంత కంపెనీ వచ్చినా కొనలేదు. అయితే ఓ మెలిక ఉంది. ఆ పేరు వాడుకునే హక్కు రిజిస్టరులో అధీకృత వినియోగదారుగా పేరెక్కిన వాళ్ళకి. పదేళ్ళకోసారి మళ్ళీ పునరుద్ధరించుకోవాలి. గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణ చేసే మనిషికి ఈ కాగితాలన్నీ ఎవరు చూసిపెడతారు?

మన భోగాపురం విమానాశ్రయంలో దుకాణాలు వెలుస్తాయి. బొబ్బిలి పేరుతో చిన్న వీణలు, అరకు పేరుతో కాఫీ పొట్లాలు పెడతారు. కొనండి, కానీ వెనక్కి తిప్పి ఆ సన్నక్షరాలు చదివి కొనండి.

మన బ్యాచుల్లో వకీళ్ళున్నారు, ఆడిటర్లున్నారు. ఓ ఆదివారం గొల్లపల్లి వెళ్ళి, ఎవరి పేరు రిజిస్టరులో ఉందో, ఎవరిది లేదో రాసుకొద్దాం. లేనివాళ్ళ దరఖాస్తులు మనమే నింపి పంపుదాం. కారు నేను తెస్తాను.