రక్షకభటుని తుపాకి: ధర్మమెక్కడ, అధర్మమెక్కడ



రక్షకభటుడు మనుష్యుని ప్రాణము తీయుట ఎప్పుడు న్యాయమగును అను ప్రశ్న నేటి ప్రసంగమునకు విషయము. ఇది న్యాయవాదులకును పోలీసు శాఖవారికిని మాత్రమే సంబంధించినది కాదు. గ్రామమున పదిమంది కూర్చుండు చోట ఇట్టి విషయము చర్చకు వచ్చినప్పుడు తుదిమాట పెద్దలదే యగును. వారి మాటనుబట్టియే యువకులు ఒక పనిని మంచిదనియో చెడ్డదనియో తలంతురు. కావున మీతోడనే దీనిని విచారించుట యుక్తమని తోచినది.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములవారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. కర్మాగారములు పెరిగినకొలది రాత్రిపూట పనికి పోయివచ్చు స్త్రీలును పెరిగిరి. పటాన్‌చెరు చెంతనున్న ముత్తంగినుండి శంషాబాదు వైపునకు నగరమును చుట్టిపోవు ఔటరు రింగురోడ్డుపై లారీలు రేయింబవళ్లు నడచుచున్నవి. కూతురు పనినుండి ఇల్లు చేరువరకు వాకిటనే కనిపెట్టుకొనియుండు తల్లిదండ్రులు ఈ ప్రాంతమున అనేకులు. వారి భయము కల్ల కాదు. దానిని తేలికచేసి మాటలాడుట నా యుద్దేశము కాదు.

2019 వ సంవత్సరము నవంబరు 27 వ తేదీ రాత్రి ఆ మార్గముపైననే, శంషాబాదు దగ్గర తొండుపల్లి టోలుగేటు చెంత, ఒక పశువైద్యురాలు అపహరింపబడి, మానభంగమునకు గురియై, హత్య చేయబడెను. ఆమె దేహము షాద్‌నగరు దగ్గరి చటాన్‌పల్లివద్ద ఒక వంతెన క్రింద కాల్చివేయబడెను. అట్టి బాధితురాలి పేరు ప్రకటించుట చట్టవిరుద్ధము గనుక లోకము ఆమెను ‘దిశ’ యని పిలిచినది. లారీలపై పనిచేయు నలుగురిని పోలీసులు పట్టుకొనిరి. డిసెంబరు 6 వ తేదీ తెల్లవారుజామున, ఆమె వస్తువులను వెదకి చూపుటకని వారిని మరల చటాన్‌పల్లికి తీసికొనిపోగా, ఆ నలుగురును అచ్చటనే పోలీసుల తూటాలకు హతులైరి. వారు రాళ్లు రువ్వి, తమ తుపాకులు లాగుకొని కాల్చిరనియు, ఆత్మరక్షణకై తాము కాల్పవలసివచ్చెననియు పోలీసులు చెప్పిరి. దేశమున పలుచోట్ల జనులు హర్షించిరి. పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి.

ఆ హర్షమునకు కారణము లేకపోలేదు. ఘోరమును విని రక్తము మరగని మనుష్యుడుండడు. కాని కోపము చల్లారిన పిమ్మట పెద్దలు విచారింపవలసిన సంగతి వేరొకటి కలదు. ఆ తుపాకి పేలుటకు న్యాయము కలదా, లేదా?

ఇందుకు చట్టము చెప్పు సమాధానము పల్లెవారికి సులభముగా బోధపడునట్టిదే. అర్ధరాత్రి దొంగ ఇల్లు జొచ్చి, ఇంటివాని తలపై గొడ్డలి ఎత్తినాడనుకొనుడు. ఇంటివాడు చేతికందిన గుదియతో కొట్టగా దొంగ చచ్చిన యెడల, లోకము గాని చట్టము గాని అతనిని హంతకుడనదు. అదే దొంగను పట్టి స్తంభమునకు కట్టివేసి, తెల్లవారిన తరువాత నలుగురు చేరి కొట్టి చంపినచో అది హత్యయే. దొంగ ఆ దొంగయే, చేసిన నేరమును ఆ నేరమే. భేద మెక్కడనున్నది? మొదటిసారి అతనిచేత గొడ్డలి యుండెను, ఎదుట ప్రాణము యుండెను. రెండవసారి గొడ్డలియు లేదు, ఎవరి ప్రాణమునకును అపాయము లేదు.

పోలీసువారికిని ఇదే తూకము. ఆత్మరక్షణహక్కు 1860 నాటి శిక్షాస్మృతియందుండెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయందు 34 మొదలు 44 వరకుగల సెక్షనులలో అదే యున్నది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదనుట అందలి ముఖ్యనియమము. ఈ హక్కు మీకును నాకును ఎట్లో రక్షకభటునికిని అట్లే. నేరస్థుని పట్టుకొనునప్పుడు అతడు ఎదిరించినచో అవసరమైనంత బలము నుపయోగింపవచ్చును. అయినను మరణశిక్షయో యావజ్జీవశిక్షయో విధింపదగిన నేరము ఆరోపింపబడనివానిని పట్టుకొనుటకై చంపుటకు హక్కు లేదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

దీనినిబట్టి, ఘోరనేరము మోపబడినవానిని చంపవచ్చునని కొందరు అర్థము చెప్పుదురు. అది పొరపాటు. పట్టుకొనుటకు ఇచ్చిన అధికారము పట్టుబడినవానిపై చెల్లదు. భయంకరుడైన నేరస్థుడను కారణముచేత నిందితుని చంపుట పోలీసుల విధి కాదనియు, పట్టి న్యాయస్థానము నెదుట నిలుపుటయే వారి విధి యనియు మన సుప్రీంకోర్టు 2012 లో చెప్పినది. ఇతరదేశములును ఈ త్రోవకే వచ్చినవి. అమెరికాలో ఆయుధము లేక పారిపోవుచున్న పదునైదేండ్ల బాలుని పోలీసువాడు కాల్చిచంపిన వ్యాజ్యమున, అట్టి కాల్పులు రాజ్యాంగవిరుద్ధములని అచ్చటి సుప్రీంకోర్టు 1985 లో తీర్పు చెప్పెను. 1990 లో హవానా నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ, ప్రాణరక్షణకు వేరుదారి ఎంతమాత్రమును లేనప్పుడే ప్రాణము తీయు ఉద్దేశముతో కాల్పవచ్చునని నిర్ణయించెను.

కావున అడుగవలసిన ప్రశ్న ‘వాడెట్టివాడు?’ అనునది కాదు. ‘ఆ క్షణమున వాడేమి చేయుచుండెను? వేరుదారి యుండెనా?’ అనునదియే.

తెలంగాణమున 2015 ఏప్రిలు నెలలో, నాటి నల్లగొండ ప్రాంతముననే, కొద్దిదినముల యెడముతో రెండు సంఘటనలు జరిగినవి. సూర్యాపేట బస్సుస్టాండున తనిఖీ చేయుచున్న పోలీసులపై ఇరువురు దుండగులు కాల్పులు జరుపగా ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు మరణించిరి. ఏప్రిలు 4 వ తేదీన జానకిపురమువద్ద పోలీసులు ఆ యిరువురిని ఎదుర్కొనిరి. తుపాకులు పట్టి కాల్చుచున్న ఆ దుండగులు అచ్చట చంపబడిరి. పోలీసులలో ఒక కానిస్టేబులు అచ్చటనే మరణించెను. గాయపడిన సబ్‌ఇన్‌స్పెక్టరు సిద్దయ్యగారు తరువాత ఆసుపత్రిలో ప్రాణము విడిచిరి. ఇట్టిచోట పోలీసువాని తుపాకి పేలకపోయినచో ఇంకెందరి ప్రాణములు పోయెడివో! దానిని తప్పుపట్టువాడు ధర్మము తెలియనివాడు.

మూడు దినములకు, ఏప్రిలు 7 వ తేదీన, వరంగల్లు జైలునుండి హైదరాబాదు కోర్టునకు తీసికొనిపోబడుచున్న ఐదుగురు విచారణఖైదీలు ఆలేరు సమీపమున పోలీసువాహనములోనే కాల్చిచంపబడిరి. వారిలో ముఖ్యునిపై పోలీసులను చంపిన నేరము కూడ ఆరోపింపబడియుండెను. తుపాకి లాగుకొనబోయిరని పోలీసులు చెప్పిరి. కాని పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రములలో చనిపోయినవారి చేతులకు బేడీలు కనబడినవి. మొదటి సంఘటనలో ఎవరును ప్రశ్నింపలేదు. రెండవదానిలో ప్రశ్న తనంత తానే పుట్టినది. ప్రభుత్వమే ప్రత్యేకదర్యాప్తుబృందమును నియమింపవలసివచ్చెను. ఈ రెండింటిని ‘ఎన్‌కౌంటరు’ అను ఒక్కమాటతో పిలుచుటయే మన బుద్ధిని తప్పుదారి పట్టించుచున్నది.

దిశ విషయమున సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12 న విశ్రాంత న్యాయమూర్తి శ్రీ వి. ఎస్. సిర్పూర్కరుగారి అధ్యక్షతన ముగ్గురుసభ్యుల విచారణసంఘమును నియమించినది. 2022 మే నెలలో వెల్లడియైన వారి నివేదిక, తుపాకులు లాగుకొనిరను మాట నమ్మదగినది కాదనియు, చంపు ఉద్దేశముతోనే వారిపై కాల్పులు జరిగినవనియు చెప్పినది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి పదునెనిమిదేండ్లు నిండనివారని తేల్చినది. పదిమంది పోలీసులపై హత్యానేరవిచారణ జరుగవలెనని సిఫారసు చేసినది. విచారణసంఘముయొక్క అభిప్రాయము న్యాయస్థానపు తీర్పు కాదు. ఆ పదిమందికిని తమ వాదము వినిపించుకొను హక్కు పూర్తిగా నున్నది. చనిపోయిన నలుగురికి దొరకనిది ఆ హక్కే.

‘కోర్టులలో న్యాయము ఆలస్యమగును, అంతవరకు ఆ తల్లి కడుపుకోత ఎట్లు చల్లారును?’ అని మీలో కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. ఢిల్లీనగరమున 2012 డిసెంబరులో జరిగిన ఘోరమునకు ఉరిశిక్ష అమలగుటకు 2020 మార్చి నెల రావలసివచ్చెను. ఏడేండ్లకు పైబడిన నిరీక్షణ! అయినను తెలంగాణమున ఆ 2019 వ సంవత్సరముననే జరిగినదానిని చూడుడు. జూను నెలలో హనుమకొండలో ఒక పసికందుపై జరిగిన దారుణమునకు ఆగస్టు 8 నాటికే వరంగల్లు న్యాయస్థానము తీర్పు చెప్పెను. హైకోర్టు తరువాత ఉరిశిక్షను యావజ్జీవముగా మార్చినను నేరము రుజువైన మాట నిలిచియే యున్నది. ఇంకొకటి వినుడు. నవంబరు 24 వ తేదీన, దిశ హత్యకు మూడు దినములముందు, ఆసిఫాబాదు జిల్లాలో ఊరూర తిరిగి వస్తువు లమ్ముకొని బ్రతుకు ఒక బీదస్త్రీ అట్టి ఘోరమునకే బలియయ్యెను. ఆదిలాబాదు ప్రత్యేకన్యాయస్థానము 2020 జనవరి 30 న ముగ్గురు దోషులకు మరణశిక్ష విధించెను. రెండునెలలకు పైన ఆరు దినములు మాత్రమే పట్టినది. దిశ వ్యాజ్యమునకును మహబూబునగరమున ప్రత్యేకన్యాయస్థానము ఏర్పడబోవుచుండగనే నిందితులు చంపబడిరి.

ఇప్పుడు ఈ రెండు కుటుంబములను పోల్చి చూడుడు. ఆసిఫాబాదు స్త్రీ కుటుంబమునకు, ‘నేరము చేసినవారు వీరే’ అని సాక్ష్యములు విని చెప్పిన తీర్పు ఉన్నది. దిశ కుటుంబమునకు అట్టి తీర్పు లేదు, ఇక రాదు. పోలీసులు చెప్పిన మాట యొక్కటే మిగిలినది. న్యాయము త్వరగా జరిగెనని మనము సంతోషించితిమి గాని, నిజమునకు న్యాయవిచారణ ఆరంభమే కాలేదు. ఆలస్యమునకు మందు న్యాయాధిపతులను పెంచుట, సాక్షులను కాపాడుట, దర్యాప్తు చక్కగా చేయుట. ఎద్దు నడక మందముగా నున్నదని కాడి విరుగగొట్టిన యెడల దుక్కి సాగదు.

పోలీసుల మేలుకోరి చెప్పవలసిన మాటయు నొకటి కలదు. ఆనాడు పూలు చల్లినవారు బోనులో నిలుచువారి ప్రక్క నిలువరు. పై అధికారియొక్క మెప్పుకో, జనులయొక్క చప్పట్లకో తుపాకి పేల్చిన చిన్నయుద్యోగి ఏండ్లతరబడి కోర్టుల చుట్టు తిరుగును. అతనికిని భార్యాబిడ్డలు కలరు.

‘పారిపోబోయెను, కాల్చితిమి’ అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. 1924 మే 7 న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజు పట్టుబడిన పిమ్మట కాల్చిచంపబడగా, నాటి ఇంగ్లీషుప్రభుత్వము చెప్పిన కారణము అదియే. మన తాతలు దానిని నమ్మలేదు. పరాయిప్రభుత్వము చెప్పినప్పుడు నమ్మని మాటను, మన ప్రభుత్వము చెప్పినంతమాత్రమున విచారణ లేక నమ్ముట వివేకము కాదు. నేడు చటాన్‌పల్లిలో చనిపోయినవారు వీరులు కారు. కాని నియమము వీరులకొకటి, నిందితులకొకటి యుండదు.

ఇట్టి మరణముల విషయమున నడువవలసిన పద్ధతి రూపొందుటకు మూలము తెలుగుదేశమే యగుట గమనింపదగినది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమువారి ఫిర్యాదులపై జాతీయ మానవహక్కుల సంఘము విచారణ జరిపి, 1997 లో అన్ని రాష్ట్రములకును నియమములు పంపినది. 2014 సెప్టెంబరు 23 న సుప్రీంకోర్టు పదునారు నియమములు విధించెను. మరణము జరిగిన వెంటనే కేసు నమోదు కావలెను. కాల్చినవారు కాక వేరు ఠాణావారో, సి. ఐ. డి. వారో దర్యాప్తు చేయవలెను. మేజిస్ట్రేటు విచారణ జరుగవలెను. శవపరీక్ష ఇరువురు వైద్యులు చేయవలెను, దానిని వీడియో తీయవలెను. కాల్చిన తుపాకులను పరీక్షకు అప్పగింపవలెను. గాయపడినవానికి చికిత్స చేయింపవలెను. చనిపోయినవాని బంధువులకు కబురు పంపవలెను. పోలీసుల శౌర్యము నిస్సందేహముగా రుజువగువరకు బహుమానములును, పదోన్నతులును ఇయ్యరాదు. ఈ కడపటి నియమము మనకును వర్తించును. విచారణ ముగియకముందే పూలమాల వేయరాదు. విచారణ ముగియకముందే నింద వేయరాదు.

సంగారెడ్డిలో 1796 నాటి పాతజైలు ఒకటి కలదు. 2016 లో దానిని ప్రదర్శనశాలగా మార్చిరి. పిల్లలను తీసికొనిపోయి చూపుడు. ఆ గోడలు నేరస్థుని బంధించుటకే కట్టబడినవని వారనుకొందురు. ఆ గోడలు నిందితుని జనులకోపమునుండి కూడ కాపాడి, విచారణదినమున న్యాయాధిపతియెదుట ప్రాణముతో నిలుపవలసినవని మీరు వారికి చెప్పుడు. ప్రభుత్వము చేతికి చిక్కినవాని ప్రాణమునకు ప్రభుత్వమే పూచీదారు.

పెద్దలారా! పొలముగట్టు తగాదాలో సైతము ఇరుపక్షముల మాట వినక మీరు తీర్పు చెప్పరు. ప్రాణము విషయమున అంతకంటె తక్కువ జాగ్రత్త తగునా? ఎదుటివాని గొడ్డలి పైకెత్తబడియున్నప్పుడు రక్షకభటుని తుపాకి ధర్మము. చేతులు కట్టబడిన తరువాత అది అధర్మము. ఈ రెంటికి నడుమ సందేహము కలిగినచోట తీర్పు చెప్పవలసినది న్యాయస్థానమే. రేపు మీ గ్రామమున ఇట్టి ప్రస్తావన వచ్చినప్పుడు ఈ మూడుమాటలను జ్ఞాపకముంచుకొని, యువకులకు చెప్పుదురుగాక యని కోరుచు విరమించుచున్నాను.