పంచదారలో పరిమళం



ఈనాటి మన పాఠానికి ప్రయోగశాల వంటగది. కావలసిన సామగ్రి పంచదార, యాలకులు, లవంగాలు, మూత బిగుతుగా పట్టే గాజు సీసాలు. వీటితో సుగంధ పంచదారను ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. చేయడం తేలికే, చెడిపోకుండా నిలవ ఉంచడమే కష్టం. తీపికీ, తేమగాలికీ పేరుపడ్డ కోల్‌కతా నగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ సంగతి పరిశీలిద్దాం.

కోల్‌కతాకు చక్కెరతో పాత సంబంధం ఉంది. 18వ శతాబ్దం చివరి భాగంలో, వారెన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో, టాంగ్ అచ్యూ అనే చైనా దేశస్థుడు బడ్జ్‌బడ్జ్ సమీపంలో హుగ్లీ ఒడ్డున చెరకు తోట వేసి, చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరుతోనే ఆ ఊరు అచీపూర్ అయింది. నగరంలోని పోస్తా బజారు నేటికీ పంచదారకు, మసాలా దినుసులకు పెద్ద టోకు మార్కెట్టు. అక్కడివారు ప్రసాదంగా పెట్టే ఎలాచ్‌దానా మీరు తినే ఉంటారు. యాలక గింజ చుట్టూ పాకాన్ని పొరలు పొరలుగా గట్టిపరచి దాన్ని తయారుచేస్తారు. వాసనను పంచదార గోడల మధ్య బంధించే ఉపాయం అది.

మరి మనం సీసాలో పంచదార పోసి, మధ్యలో లవంగాలు పెట్టి మూత బిగిస్తే ఏమవుతుంది? పంచదార వాసనను దూదిలా పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పంచదార పలుకు ఒక స్ఫటికం. అందులో సుక్రోజ్ అణువులు ఇటుకల్లా దగ్గరగా పేర్చి ఉంటాయి. వాసన అణువులు లోపలికి చొరబడలేవు, ఉపరితలానికి మాత్రమే అంటుకుంటాయి. దీనినే అధిశోషణం అంటాం.

కాబట్టి ఉపరితలం ఎంత ఎక్కువైతే వాసన అంత ఎక్కువ నిలుస్తుంది. చిన్న లెక్క చేద్దాం. ఒక మిల్లీమీటరు భుజం గల ఘనానికి మొత్తం ఉపరితలం 6 చదరపు మిల్లీమీటర్లు. దానిని 0.1 మిల్లీమీటరు భుజం గల 1000 ఘనాలుగా కోస్తే, మొత్తం 60 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది. పదార్థం అంతే, ఉపరితలం పది రెట్లు.

మన ఇళ్లలో యాలకులు దంచేటప్పుడు గుప్పెడు పంచదార వేస్తారు కదా? ఆ అలవాటులో మంచి విజ్ఞానం ఉంది. పంచదార పలుకుల గరుకు అంచులు గింజలను మెత్తగా నలుపుతాయి. గింజల నుంచి వచ్చిన నూనె గిన్నెకు అంటుకుపోకుండా పంచదార పొడి మీద పలుచగా పరచుకుంటుంది.

ఇప్పుడు తయారీ చూద్దాం. నాలుగు పొడి సీసాలు తీసుకొని, ఒక్కొక్కదానిలో 100 గ్రాముల పంచదార పోయండి. మొదటిదానిలో ఏమీ కలపవద్దు, పోల్చి చూడటానికి అది ఉండాలి. రెండవదానిలో పది యాలకులను కాస్త చిదిపి వేయండి. మూడవదానిలోని పంచదారను పది యాలకుల గింజలతో కలిపి మెత్తగా పొడి చేయండి. నాలుగవదానిలో నాలుగు లవంగాలు వేయండి. సీసాల మీద అంకెలు మాత్రమే రాయండి. రెండు వారాల తరువాత ఇంట్లోవారిని కళ్లు మూసుకొని వాసన చూడమనండి. ఆ తరువాత రోజూ ఒక నిమిషం మూతలు తీసి ఉంచి, మరో రెండు వారాలకు మళ్లీ పరీక్షించండి.

ఏది ముందు వాసన కోల్పోతుందో ఊహించగలరా? యాలకుల వాసనలో ముఖ్యమైన సినియోల్ దాదాపు 176 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. లవంగంలోని యూజినాల్ 254 డిగ్రీల వద్ద మరుగుతుంది. మరగకముందే రెండూ ఆవిరవుతాయి గాని, సినియోల్ త్వరగా పోతుంది. మెత్తని పొడి వాసనను త్వరగా పట్టుకుంటుంది, గాలి తగిలితే త్వరగానే వదిలేస్తుంది. అందుకని పొడిని కొద్దికొద్దిగా చేసుకోవాలి.

బజారులో యాలకులు కొనేటప్పుడు రకం చూసుకోండి. పశ్చిమ కనుమల్లో పండే చిన్న పచ్చ యాలకులే దీనికి తగినవి. కోల్‌కతాలో సిక్కిం, డార్జిలింగ్ కొండల పెద్ద యాలకులు కూడా దొరుకుతాయి. కట్టెల మంట మీద ఆరబెట్టడం వల్ల వాటికి పొగ వాసన ఉంటుంది. అవి మాంసం కూరలకు బాగుంటాయి, పాయసానికి కాదు.

ఇక అసలు సమస్య తేమ. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 85 శాతం దాటితే పంచదార నీటి ఆవిరిని పీల్చుకొని చెమర్చడం మొదలుపెడుతుంది. కోల్‌కతాలో వానాకాలపు ఉదయాలలో ఆర్ద్రత ఈ గీత దాటడం మామూలే. మన కోస్తా జిల్లాలవారికీ ఇది కొత్త కాదు. మెత్తగా పొడి చేసిన పంచదార ఇంకా ముందే తేమ పడుతుంది. మళ్లీ ఆరినప్పుడు పలుకులు ఒకదానికొకటి అతుక్కొని గడ్డకడతాయి.

గడ్డకట్టడం చిన్న ఇబ్బంది, బూజు పెద్ద ప్రమాదం. పొడి పంచదారలో సూక్ష్మజీవులకు నీరు అందదు కనుక అవి పెరగవు. కాని పచ్చి అల్లం ముక్క, తడి నిమ్మతొక్క వేస్తే వాటి చుట్టూ నీరు చేరి బూజు పట్టవచ్చు. కొన్ని బూజులు విషపదార్థాలను తయారుచేస్తాయి. కనుక ప్రతి దినుసునూ విరిస్తే ఫెళ్లుమనేటంతగా ఎండబెట్టి, చల్లారిన తరువాతే సీసాలో వేయండి. తడి చెంచా ముంచవద్దు. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఎందుకంటే చల్లని సీసాను వానాకాలపు గాలిలో తెరిస్తే లోపల నీరు చెమరుస్తుంది. ముక్క వాసన వచ్చినా, బూజు కనిపించినా మొత్తం పారవేయండి, పైపైన తీసేసి వాడవద్దు.

చివరగా ఒక హెచ్చరిక. పరిమళం చేరినంత మాత్రాన పంచదార ఔషధం కాదు. మనం ఆహారంలో అదనంగా చేర్చుకునే చక్కెరల నుంచి వచ్చే శక్తి, రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కిలోకాలరీలు తీసుకునేవారికి అది 50 గ్రాములు. 5 శాతం లోపు, అంటే 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని కూడా చెప్పింది. చెంచాకు సుమారు 4 గ్రాములని లెక్కవేసి, మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో చూడండి.

ఇక్కడే సుగంధ పంచదార నిజంగా ఉపయోగపడవచ్చు. వెనిలా వంటి కొన్ని వాసనలు తీపిని ఎక్కువగా అనిపింపజేస్తాయని ప్రయోగాలలో తేలింది. యాలకులు కూడా మీ నాలుకను అలా ఒప్పిస్తాయా? ఒక కప్పు టీలో మామూలు పంచదార రెండు చెంచాలు, మరో కప్పులో యాలకుల పంచదార ఒకటిన్నర చెంచా వేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవారికి ఇవ్వండి. వారి మాటలను తేదీతో, ఆనాటి వాతావరణంతో సహా నోటుపుస్తకంలో రాయండి. అర చెంచా తగ్గినా ఎవరూ గుర్తించకపోతే, ఆ ఇంటికి మీ ప్రయోగం మేలు చేసినట్లే.