సీసా మీద బొమ్మ ఎవరిది?



ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పల్లెల నుంచి వచ్చిన మీలో బొమ్మలు వేసే చేతులు చాలా ఉన్నాయి. పెళ్లి కార్డులు, పోస్టర్లు ఫోన్లోనే చేసేస్తున్నారు. రేపు మీలో ఒకరికి ఏదో పేరున్న బీరు కంపెనీ నుంచి పిలుపు రావచ్చు. "కొల్లేరు బొమ్మలతో మా డబ్బాలకు కొత్త రూపం ఇవ్వండి" అని అడగొచ్చు. అప్పుడేం చేయాలో ఇవాళే మాట్లాడుకుందాం.

సరుకు కట్టి పంపే పని మనకు కొత్త కాదు. వెదురు చీల్చి గంపలు, తట్టలు అల్లింది మన ఎరుకల పెద్దలే. చేపలూ కూరగాయలూ వాటిలోనే సంతకెళ్లేవి. ఆ గంపల మీద అల్లినవాళ్ల పేరు ఎప్పుడూ లేదు. మన మనుషుల మీద మాత్రం ముద్ర వేశారు. 1871లో మొదలై, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చిన నేరస్థ జాతుల చట్టం మనల్ని పుట్టుకతోనే దొంగలంది. 1952లో అది పోయింది. అందుకే లేబుల్ అంటే మనకు చిన్న మాట కాదు.

ముందు పని సంగతి చూద్దాం. మద్యానికి టీవీలో ప్రకటనలు వేయకూడదు. అందుకే కంపెనీకి సీసా, డబ్బా, అట్టపెట్టే గోడపోస్టర్లు. పాత బ్రాండ్ పేరునూ గుర్తునూ కదిలించనివ్వరు. కింగ్‌ఫిషర్ సీసా మీది లకుముకి పిట్టనే చూడండి, కొనేవాడు దూరం నుంచే గుర్తుపడతాడు. మన బొమ్మ ఆ గుర్తు చుట్టూ అమరాలి. డబ్బా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్క చూపుకి కొంత భాగమే కనిపిస్తుంది. ఏ వైపు తిప్పినా బొమ్మ తెగిపోకూడదు. రంగులు కొన్నే దొరుకుతాయి కాబట్టి గీత గట్టిగా ఉండాలి. ఆరోగ్య హెచ్చరిక చోటు బొమ్మ కింద పడకూడదు. అది చట్టం.

ఇక ఏం గీయాలి? ఆటపాక గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తాటిదోనె, తూడు మొక్కలు గీయొచ్చు. మన అమ్మవారిని, పెద్దల ముఖాలను మాత్రం సారా సరుకు మీదకి ఎక్కించొద్దు.

ఎందుకో అమెరికాలో జరిగిన సంగతి చెబుతుంది. 1992లో అక్కడ ఒక కంపెనీ, బీరు జాతి ఘాటు సరుకుకి లకోటా ఆదివాసీ నాయకుడు క్రేజీ హార్స్ పేరు పెట్టింది. సీసా మీద ఈకల తలపాగా మనిషి బొమ్మ వేసింది. ఆయన మద్యాన్ని వద్దన్న మనిషని ఆయన వారసులు చెప్పారు. ఎవరినడిగి పెట్టారని కోర్టుకెళ్లారు. ఏళ్లు పట్టింది. చివరికి 2001లో, ఆ సరుకు కాచిన స్ట్రో కంపెనీ పెద్ద రోజ్‌బడ్‌కు స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పాడు. వాళ్ల ఆచారం ప్రకారం దుప్పట్లు, పొగాకు, గుర్రాలు ఇచ్చాడు. అంతదూరం వెళ్లేకన్నా ముందే అడిగితే సరిపోయేది. అందుకే మీరు కూడా మన గుర్తులేవైనా గీసేముందు పెద్దల్ని అడగండి.

తరవాత కాగితం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా బొమ్మకు మొదటి హక్కుదారు చిత్రకారుడే, కానీ ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు. హక్కు ఇవ్వాలంటే రాతపూర్వకంగానే ఇవ్వాలి. కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగా లెక్క. హక్కు అమ్ముకున్నా, బొమ్మ నాదని చెప్పుకునే హక్కు మీతోనే ఉంటుంది. కాబట్టి ఎన్నేళ్లకు, ఏ సరుకు మీద, ఎక్కడ వాడతారో రాయించుకోండి. మీ పేరు డబ్బా మీద వేయమని అడగండి. గంప మీద లేని పేరు అక్కడైనా ఉండాలి.

చివరి మాట కష్టమైనదే అయినా చెప్పాలి. తాగుడు మన ఇళ్లల్లో చేసిన చేటు మనకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచినప్పుడు రాష్ట్రమంతా కదిలింది, మరుసటేడే సారా నిషేధం వచ్చింది. కాబట్టి "ఈ పని మేం చేయం" అనడం కూడా పని తెలిసినవాళ్ల జవాబే. చేస్తామన్నా తప్పుపట్టం. కానీ ఆలోచించి, పెద్దలతో చెప్పి, కాగితం చదివి చేయండి.

ఏకలవ్యుడు మన పూర్వీకుడని చెప్పుకుంటాం. అడగ్గానే ఆయన బొటనవేలు ఇచ్చేశాడు. మీరు మాత్రం చదవని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు.