పొగ ఊపిరితిత్తులతో ఆగదు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గాలి కాలుష్యం అనగానే మనకు దగ్గు, ఆయాసం గుర్తొస్తాయి. అది పొట్టకు కూడా సంబంధించిన విషయమని చాలామందికి తెలియదు. వాహనాల పొగలో, కట్టెల పొయ్యి పొగలో ఉండే అతి సన్నని రేణువులను పీఎం 2.5 అంటారు. ఇవి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. పీల్చిన ధూళిలో కొంత శ్వాసనాళాల్లోని జిగురుకు అంటుకుంటుంది. ఆ జిగురు మెల్లగా గొంతులోకి వస్తుంది, మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. మూత పెట్టని తినుబండారాలపై పడిన దుమ్ము సరేసరి.

మన పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు అదే ముఖ్యమైన ఆహారం. ఆ పొర గట్టిగా ఉంటేనే హాని చేసేవి రక్తంలోకి జారవు. ధూళి రేణువులను ఎలుకలకు తినిపించిన ప్రయోగాల్లో ఈ బ్యాక్టీరియా కూర్పు మారింది, పొర సడలింది. దక్షిణ కాలిఫోర్నియాలో 101 మంది యువతీయువకులపై 2020లో వెలువడిన అధ్యయనంలో, ఓజోన్ ఎక్కువగా పీల్చినవారి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తక్కువగా కనిపించాయి.

మరి వీటికి అండ ఏది? పీచు ఒకటి. మొక్కలకు రంగు, వగరు, ఘాటు ఇచ్చే పదార్థాలు రెండోది. దానిమ్మ, నేరేడు, ఉల్లిలో ఉండే పాలీఫెనాల్స్‌లో చాలా భాగం చిన్నపేగులో ఇంకదు. పెద్దపేగుకు చేరి అక్కడి మేలు చేసే బ్యాక్టీరియాకు ఆసరా అవుతుంది.

ఘాటు సంగతికి చైనా ఉదాహరణ ఉంది. షాంఘైకి దగ్గరలోని చీడోంగ్ ప్రాంతంలో 291 మందితో 12 వారాల పరీక్ష జరిగింది, ఫలితాలు 2014లో వచ్చాయి. బ్రకోలీ మొలకల పానీయం తాగినవారిలో, కలుషిత గాలి నుంచి చేరే బెంజీన్ అనే విషం మూత్రంలో బయటికి పోవడం 61 శాతం పెరిగింది. అది పేగులపై చేసిన పరీక్ష కాదు. కానీ బ్రకోలీలోని ఆ ఘాటు పదార్థాన్ని విడుదల చేయడంలో పేగు బ్యాక్టీరియాకూ పాత్ర ఉంది. అదే కుటుంబపు పదార్థాలు మన క్యాబేజీ, ముల్లంగి, మునగాకుల్లో ఉన్నాయి. క్యాబేజీని తరిగి కాసేపు ఉంచి, ఎక్కువ ఉడికించకుండా వండితే అవి ఎక్కువగా దక్కుతాయి.

ఆకుకూర తింటే పొగ ఏమీ చేయదని మేము చెప్పడం లేదు. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశ ప్రమాణమే 40. గాలి బాగుపడాల్సిందే. ఈలోగా పిల్లల పళ్లెం మన చేతిలో ఉంది.

బడిలో మేము రోజూ చూస్తున్నాం. తండ్రి మెకానిక్ షెడ్డులో, తల్లి కట్టెల పొయ్యి దగ్గర, బిడ్డ ఉదయం చాయ్, బన్నుతో బడికి. పొగ ఎక్కువ పీల్చే ఇంట్లోనే కూరగాయ తక్కువ. మనం ఇచ్చే రేషన్ కిట్టులో బియ్యం, నూనె, చక్కెర, మైదా ఉంటాయి. కడుపు నిండుతుంది, పేగులకు మాత్రం పస్తే.

అందుకే మూడు విన్నపాలు. కిట్టులో మైదా తగ్గించి కందిపప్పు, శనగలు, పెసలు, ఉల్లిగడ్డలు చేర్చండి. మన హాస్టల్ పిల్లలకు వారానికి మూడు రోజులైనా ఆకుకూర, ఒక పండు అందేలా చూడండి. ఆవరణలో నాలుగు మునగ కొమ్మలు నాటితే ఆకుకు ఖర్చే లేదు. కట్టెలతో వండుకునే వితంతువులకు గ్యాస్ సిలిండర్ నింపించండి. అది పొగనే తగ్గించే దానం.

మీరు ఇచ్చే మొత్తం పెరగనక్కర్లేదు. దాన్ని కొంచెం మార్చి ఇస్తే చాలు.