పెదపారుపూడి ఇంటికి డార్క్ గ్రే బాగుంటుందా? | ఇంటి రంగుల ఎపిసోడ్

ఇవాళ ఇంటి రంగుల గురించి మాట్లాడుకుందాం. దీనికి కారణం పెదపారుపూడి నుంచి మనకొచ్చిన ఒక మెసేజ్. అవునండీ, రామోజీరావు గారు పుట్టిన ఊరే. మెసేజ్ పెట్టిన తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్న ఊళ్లోనే ఉంటారు. పాతికేళ్ల నాటి డాబా ఇల్లు, సంక్రాంతిలోపు రంగులు వేయించాలి. ఇన్‌స్టాలో చూసిన డార్క్ గ్రే హాలుకి వేయిద్దామని ఇతను, వద్దురా అని వాళ్లమ్మగారు. ఎవరిది కరెక్ట్ అని అడిగాడు.

ఫోటోలు చూశాను. రంగు తర్వాత తమ్ముడూ, ముందు గోడ సంగతి చూడు.

హాల్లో కింద రెండు మూడు అడుగుల మేర పెచ్చులు ఊడిపోయి, తెల్లగా ఉప్పు పొంగి ఉంది. గుడివాడ, బందరు, దివిసీమ వైపు ఇది చూడని వాళ్లు ఉండరు. మనది నల్లరేగడి నేల, పక్కనే కాలవ, చుట్టూ వరి చేలు. నేలలో నీరు ఇటుకలోంచి పైకి పాకుతుంది, తనతోపాటు ఉప్పునీ తెస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మాత్రం గోడ పైపొరలో గట్టిపడి రంగుని తోసేస్తుంది. దాని మీద పుట్టీ పెట్టి, ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా మళ్లీ ఊడుతుంది. తప్పు రంగుది కాదు.

ఒక చిన్న టెస్ట్ చేయండి. అడుగు చదరం పాలిథిన్ కవరు తీసుకుని నాలుగు అంచులా టేపుతో గోడకి అతికించండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. కవరు లోపలివైపు నీటి చుక్కలు పడితే ఆ గోడ ఇంకా తడిగా ఉన్నట్టే. అప్పుడు ఆ భాగంలో పాడైన ప్లాస్టరింగ్ కొట్టించి, గోడని ఆరనివ్వాలి. అక్టోబరు, నవంబరు వానల్లో తడిసిన గోడ సంక్రాంతికల్లా పూర్తిగా ఆరుతుందనుకోవడం కష్టం. పండక్కి మిగతా గదులు చేయించుకుని, ఈ గోడని ఎండాకాలానికి వదిలేయమంటాను. చుట్టాలు చూస్తారని తొందరపడితే డబ్బులు రెండుసార్లు పోతాయి. చెమ్మ అసలు తగ్గని గోడకైతే మన తాతల నాటి సున్నమే మేలు, అది తడిని బయటికి పోనిస్తుంది. కాకపోతే పాత ఎమల్షన్ మీద సున్నం పట్టదు, గీకించాల్సిందే.

ఇప్పుడు గ్రే సంగతి. నా ఓటు అమ్మగారికే. ఎందుకో చెప్తాను. షేడ్ కార్డుల్లో ఎల్‌ఆర్‌వి అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుతురుని తిరిగి గదిలోకి పంపుతుందో చెప్పే లెక్క అది. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 100. డార్క్ గ్రేలకి ఇది 20 లోపు కూడా ఉంటుంది. ఆ హాలుకి వరండా వైపు ఒకటే కిటికీ. ఇన్‌స్టాలో చూసిన గదికి గోడంత అద్దం ఉండి ఉంటుంది, పైగా ఎడిటింగ్.

ఇంకో విషయం. వయసు పెరిగేకొద్దీ కంట్లో లెన్స్ పసుపు తిరుగుతుంది, లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది. అరవై దాటినవాళ్లకి మన కంటే ఎక్కువ వెలుగు కావాలి. నువ్వు పండక్కి నాలుగు రోజులుండి వెళ్తావు, ఆ గోడల మధ్య రోజంతా ఉండేది వాళ్లు. మీగడ రంగు, ఉల్లిపొర రంగు, లేత గచ్చకాయ రంగు, వీటిలో అమ్మగారికి నచ్చింది తీసుకో. మెట్ల అంచుకి, బాత్రూమ్ గడపకి మాత్రం నేల రంగులో కలవని ముదురు రంగు పట్టీ వేయించు. చీకట్లో కాలు తడబడకుండా ఉంటుంది. గ్రే మీద అంత ఇష్టముంటే నీ గదిలో ఒక గోడకి వేసుకో, ఎవరూ కాదనరు.

ఫోన్‌లో చూసి మాత్రం ఫైనల్ చేయొద్దు. ఒక్కో స్క్రీన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. చిన్న డబ్బా తెప్పించి, గోడ మీద రెండడుగుల చదరం రెండు కోట్లు వేయించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. కార్డులో లేతగా అనిపించింది నాలుగు గోడలకీ పడ్డాక ఒక మెట్టు ముదురుగా అనిపిస్తుంది.

బయటి గోడలకి వస్తే, మన ఊళ్లలో ఒక గొడవుంది. పసుపు వేస్తే ఒక పార్టీ అంటారు, నీలం ఆకుపచ్చ కలిపితే ఇంకో పార్టీ అంటారు! పంచాయతీ ఆఫీసుల రంగుల మీద 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం మనది, నవ్వకండి. నా సలహా ఇటుక రంగు, నీరుకావి, గోధుమ రంగు. ఎర్రమట్టి జాతి రంగుల్లో ఉండేది ఐరన్ ఆక్సైడ్, ఎండకి తొందరగా వెలవదు. మిలమిలలాడే ఎరుపులూ నారింజలూ చాలావాటికి ఆ ఓపిక లేదు. తెల్లటి గోడ మీద వానాకాలం నల్లటి పాచి చారలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. పాచి పట్టని రకం ఎక్స్‌టీరియర్ పెయింట్ అడగండి. వాస్తు ప్రకారం ఏ దిక్కుకి ఏ రంగని నన్ను అడగొద్దు, అది మీ ఇంట్లో పెద్దవాళ్ల ఇష్టం.

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాత తలుపులు, కిటికీ ఊచల మీద ఎనామిల్ పెయింట్ ఉంటుంది కదా. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూలు 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరల్లో సీసం ఉండొచ్చు. పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. పాకే వయసు పిల్లలుంటే అది చేతికంటి నోట్లోకి వెళ్తుంది, సీసం వాళ్ల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. నీళ్లతో తడిపి రుద్దమనండి, పనివాళ్లకి మంచి మాస్కులివ్వండి, పిల్లల్ని ఆ రోజులు అమ్మమ్మగారింటికి పంపండి. గీకిన పెచ్చుల్ని తగలబెట్టొద్దు.

లెక్క ఒకటి చెప్పి ఆపేస్తాను. 10 అడుగులకి 12 అడుగుల గది, ఎత్తు 10 అయితే నాలుగు గోడలూ 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే సుమారు 400. డబ్బా మీద రెండు కోట్లకి లీటరుకి 70 చదరపు అడుగులని ఉంటే 6 లీటర్లు సరిపోతుంది. మేస్త్రీ పది లీటర్లంటే ఎందుకో అడగండి. తమ్ముడూ, ఆ పాలిథిన్ టెస్ట్ ఫోటో పంపించు, సున్నం సంగతి అది చూశాక చెప్తాను.